ఎడమ గడిలో సున్నా

ఒకటి అని ఉంది, అదీ నల్లగా, ఎర్రగా ఉంటే ఇప్పుడే మారిందిలే అని సరిపెట్టుకునేదాన్ని, ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపలి విలువలు చూపించే ఈ డీబగ్గరు అప్పుడే మారిన విలువని ఎర్రగా చూపిస్తుంది, మారనిదాన్ని నల్లగా వదిలేస్తుంది, అంటే ఈ ఒకటి ఇప్పుడు వచ్చింది కాదు, మొదటినుంచీ ఇక్కడే తిష్ఠ వేసుకుని కూర్చుంది, నేను మధ్యాహ్నం డబ్బా మూత తీసినప్పుడూ ఉంది, పక్క సీటావిడ కొత్త చెప్పులు కరుస్తున్నాయని చెబితే నవ్వినప్పుడూ ఉంది, పొద్దున పదకొండింటికి బావకి సున్నా అని మెసేజి పెట్టినప్పుడూ ఉంది, మరి నేను చూసిన సున్నా ఏది, చూశాను కదా, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను, తెరమీద ఎడమ గడిలో, ప్రోగ్రాం ఏ ఫంక్షన్‌లో, అంటే ఏ పని ముక్కలో, ఆగితే ఆ ఫంక్షన్ సొంత విలువలు అడక్కుండానే వచ్చి నిలబడే గడి అది, లోకల్స్, ఆ ఇంట్లో పుట్టి ఆ ఇంట్లోనే పోయేవి, ఫంక్షన్ పని ముగించుకుని బయటికి రాగానే గడి ఖాళీ అయిపోతుంది, ఇందాక నా కళ్ళముందే ఖాళీ అయింది, ఆ ఖాళీ చూసి ఏమీ తోచక, నిజంగా ఏమీ తోచకే, కుడి గడిలో తలుపు విలువ పేరు టైపు చేశాను, అది గ్లోబల్, మొత్తం ప్రోగ్రాంకి ఉమ్మడిది, పేరు పెట్టి పిలిస్తే తప్ప కనిపించదు, పొద్దున నేను పిలవలేదు, పిలవాలని తట్టలేదు, ఎడమ గడిలో సున్నా కనిపించింది కదా అని చేతులు దులుపుకున్నాను, ఆ సున్నా నకలుది, ఫంక్షన్ లోపలికి రాగానే అసలు విలువకి ఒక నకలు తీసుకుంటుంది, ఆ నకలుని సున్నా చేస్తుంది, చేశాక తిరిగి అసలులో రాయాలి కదా, ఆ ఒక్క లైను ఏది, పైకి జరిపాను, కిందికి జరిపాను, మళ్ళీ పైకి, లేదు, రాయలేదు, నేనే రాయలేదు.

ఏదో లెక్కల ప్రోగ్రామో ఆటల ప్రోగ్రామో అయితే నాలుక కరుచుకుని ఆ లైను రాసేసి టీ తాగడానికి వెళ్ళిపోయేదాన్ని, ఇది లిఫ్టుది, ఒకటి అంటే తలుపు తీసి ఉన్నా పట్టించుకోకు, కదులు అని అర్థం, మెకానిక్కు రిపేరు చేసేటప్పుడు తలుపులు తీసి పెట్టుకునే పెట్టెని అంగుళం అంగుళం జరుపుకోవాలి కాబట్టి ఆ కాసేపూ ఒకటి ఉండాలి, పని అయిపోయి తాళంచెవి వెనక్కి తిప్పగానే సున్నా అయిపోవాలి, పాత బోర్డులో అయితే తలుపు తెరిచి ఉంటే మోటారుకి కరెంటే అందేది కాదు, ఇప్పుడు కొత్త బోర్డులో ఆ మాట కూడా నా ప్రోగ్రామే చెప్పాలి, ఆ కొత్త బోర్డు మొట్టమొదట బిగించింది మా ఆఫీసు ఉన్న ఈ భవనంలోని లిఫ్టుకే, బిగించింది బావ, బావ అంటే మా అక్క మొగుడు, ఈ కంపెనీలో పన్నెండేళ్ళనుంచి లిఫ్టు మెకానిక్కు, మా మరదలు ప్రోగ్రాం రాస్తే కళ్ళు మూసుకుని ఎక్కుతాను అని క్యాంటీన్లో అందరికీ చెప్పుకుతిరిగే మనిషి, కళ్ళు మూసుకుని అంటాడు కానీ దానికో పద్ధతి పెట్టుకున్నాడు, రిపేరు చేసిన లిఫ్టులో మొదటి సవారీ తనదే, ఎక్కేముందు ప్రోగ్రాం రాసినవాళ్ళు పంపిన మెసేజి వాచ్‌మన్‌కి పైకి చదివి వినిపిస్తాడు, నోటిమాట చాలదు మరదలా, రాతలో ఉండాలి, రేపు నువ్వు మాట మారిస్తే నేనెక్కడ వెతుక్కోను అంటాడు, చదివాక ఒక కాలు లిఫ్టు లోపల, ఒక కాలు గడప బయట పెట్టి, వీపుతో తలుపు ఆపుకుని, ఐదో నంబరు బొత్తాం నొక్కుతాడు, తలుపు తీసి ఉంది కాబట్టి లిఫ్టు కదలకూడదు, కదలకపోతే పాస్, కదిలితే ఏంటి బావా అని ఒకసారి అడిగాను, కదిలితే మీ అక్కకి కబురు చెయ్యి, నాకు మాత్రం భోజనం ఉంచొద్దని చెప్పు అని పగలబడి నవ్వాడు, నేనూ నవ్వాను, ఎంత నవ్వాను, ఇవాళ మొదటి సవారీ మూడింటికి అన్నాడు, గోడ గడియారంలో మూడుకి ఇంకా ఐదు నిమిషాలు.

ఫోను ఎక్కడ పెట్టాను, చేతిలోనే ఉంది, బావ పేరు నొక్కాను, మీరు ప్రయత్నిస్తున్న చందాదారు ప్రస్తుతం కవరేజీ ప్రాంతంలో లేరు, అంటే గోతిలో ఉన్నాడు, లిఫ్టు కింద నేలలోకి మనిషి లోతు గొయ్యి ఉంటుంది, అక్కడ సిగ్నలు అందదు, మెసేజి పెట్టినా చేరదు, మళ్ళీ నొక్కాను, మీరు ప్రయత్నిస్తున్న, ఆవిడ గొంతు ఎంత నిమ్మళంగా ఉంది, ఆవిడకేం, లేచాను, కుర్చీ వెనక్కి వెళ్ళి గోడకి కొట్టుకుంది, పక్క సీటావిడ ఏమైంది అంది, ఏం లేదన్నాను, గబగబా నడుస్తూ గుమ్మందాకా వచ్చాను, అక్కడ పెన్సిలు సారు, మా మేనేజరు, చెవిమీద పెన్సిలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, ఎక్కడికమ్మా, మూడున్నరకి మీటింగు గుర్తుందా అన్నాడు, గుర్తుంది సార్, కిందికి వెళ్ళొస్తా సార్ అన్నాను, మొహం అలా ఉందేంటి, ఒంట్లో బాగాలేదా, బాగానే ఉంది సార్, ఎండ సార్, ఏసీ గదిలో ఎండేంటని ఆయన అనుకుని ఉంటాడు, అనుకోనీ, మూడు అంగల్లో మెట్లగది తలుపు తోసుకుని బయటపడ్డాను, ఎనిమిదో అంతస్తు, రెండు లిఫ్టులకీ ఒకే మెషీను గది కాబట్టి రెండోది కూడా ఆపేశారు, మెట్లే గతి, ఒక్కో అంతస్తుకి ఇరవై మెట్లు, పది దిగితే మలుపు, మళ్ళీ పది, చేత్తో కమ్మీ పట్టుకుంటే వేళ్ళు జారుతున్నాయి, చెమట, పడితే పడతాను, పడినా కిందికే కదా పడేది, ఛీ, ఇప్పుడా ఈ హాస్యాలు.

ఏడో అంతస్తు పళ్ళ డాక్టరుది, తలుపు తెరిచే ఉంది, లోపలినుంచి సన్నగా మర తిరుగుతున్న చప్పుడు, బల్లమీద కూర్చున్న ఒక ముసలాయన దవడ పట్టుకుని నన్ను చూశాడు, నిన్న కూడా వచ్చి ఉంటే ఈయన లిఫ్టులోనే ఎక్కి ఉంటాడు, నిన్నటికి పాత బోర్డు, ఈయనకేం కాలేదు, ఆయన దృష్టిలో నేనెవరో మెట్లమీద పరుగెత్తే ఆడమనిషిని, ఈ మలుపు తిరిగితే ఆయనకి నేనూ లేను, నాకు ఆయనా లేడు, ఎడమ గడి లాగే, ఆగిన చోట ఉన్నవే కనిపిస్తాయి, మిగతావి లేనట్టే, కానీ లేకుండా పోవు, అదే నాకు తట్టలేదు, పదేళ్ళనుంచి ఈ పని చేస్తున్నాను, కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెబుతాను, కనిపించేది చూసి మురిసిపోకండి, గ్లోబల్స్‌ని పేరు పెట్టి అడగండి అని, పాఠం చెప్పేటప్పుడు ఎంత ధీమాగా చెబుతానో, మరి పొద్దున ఏం ముంచుకొచ్చింది, ఏమీ లేదు, బావ ఏమైంది మరదలా, చూశావా లేదా, నేను ఎక్కాలా వద్దా అని రెండుసార్లు మెసేజి పెట్టాడు, చూశాను, సున్నా కనిపించింది, సున్నా అని పెట్టాను, ఒకే ఒక్క మాట, పొడిగా, బావ దానికి కూడా నవ్వుబొమ్మ పెట్టి పొదుపరి మరదలు అన్నాడు, పొదుపు కాదు బావా, భయం, నీకు తెలియదు, ఎక్కువ రాస్తే ఎక్కువ దొరుకుతాం, మా పొడుగాయన అలాగే దొరికాడు.

పొడుగాయన రెండేళ్ళ కిందటిదాకా నా ముందు సీటు, నిలబడితే ట్యూబులైటు ఆయన నుదుటికి తగులుతుందని ఎగతాళి చేసేవాళ్ళం, ఒక లిఫ్టు గురించి ఆయన మంచి మనసుతో నాలుగు పేరాల మెయిలు రాశాడు, అన్నీ స్వయంగా చూశాను, ఎలాంటి ఇబ్బందీ రాదు అని, ఆ లిఫ్టు రెండు అంతస్తుల మధ్య నాలుగు గంటలు ఆగిపోయింది, లోపల ఒక పెద్దావిడ, ఆవిడకి ఏమీ కాలేదు, నీళ్ళు తాగి ఇంటికి వెళ్ళిపోయింది, కానీ మర్నాడు మీటింగులో ఆ నాలుగు పేరాలూ గోడమీద పెద్ద అక్షరాల్లో వేశారు, పెన్సిలు సారు ఒక్కో వాక్యం కింద పెన్సిలు మొన పెట్టి చదివించాడు, ఆయన చేతే, ఇది మీరే రాశారా, మీరే సార్, అంటే నేనే సార్, స్వయంగా అంటే ఏంటండీ, నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు, నేను నవ్వలేదు, నేను నా నోటుపుస్తకంలో తలదూర్చి కూర్చున్నాను, సాయంత్రం ఆయన టీ కప్పు కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయాడు, అది మొదలు నేను ఏది రాసినా ఒక్క మాట, సరే, అయింది, చూశాను, సున్నా, ఆరో అంతస్తు వచ్చేసింది, ఎవరో ఇనప బీరువా మెట్లమీదనుంచి మోస్తున్నారు, జరగండి జరగండి అన్నాను, అమ్మా ఆగండి, మేం ఎక్కడికి జరుగుతాం, బీరువాతో గాల్లోకి ఎగరమంటారా అని ఒకడు అరిచాడు, వాళ్ళు వంగిన సందులోంచి దూరిపోయాను, భుజం గీసుకుంది, పెన్సిలు సారు బల్లమీద లోపలి ఫోను ఉంది కదా, తొమ్మిది నొక్కితే కింద వాచ్‌మన్ తీస్తాడు, గుమ్మం దగ్గర నేను నిలబడ్డ చోటుకి ఆ బల్ల నాలుగడుగులు, గుర్తు రాలేదా, వచ్చింది, వచ్చిందేమో, ఫోను ఎత్తితే ఆయన ఎందుకమ్మా అంటాడు, ఎందుకో చెప్పాలి, ఇప్పుడు వెనక్కి వెళితే రెండు అంతస్తులు ఎక్కాలి, బీరువా అడ్డం, కిందికే నయం, కిందికే.

అక్కకి ఏం చెప్పను, అక్క ఇప్పుడు బట్టలు మడత పెడుతూ ఉంటుంది, పాప బడినుంచి వచ్చే వేళకి పాలు వెచ్చబెట్టాలని గడియారం చూస్తూ ఉంటుంది, తొమ్మిదేళ్ళప్పుడు నేను జ్వరం చూసే గాజు గొట్టం పగలగొట్టాను, పాదరసం గచ్చుమీద చిన్న చిన్న పూసలై పరిగెత్తింది, చీపురుతో మంచం కిందికి తోసేశాను, గాజు ముక్కలు కాగితంలో చుట్టి పెరట్లో పారేశాను, మూడో రోజుకి అక్కకే జ్వరం వచ్చింది, ఒళ్ళు పేలిపోతోంది, అమ్మ ఆ గొట్టం కోసం ఇల్లంతా గాలించింది, నేనూ గాలించాను, అలమర తీశాను, పక్కలు దులిపాను, అమ్మ వెనకాలే తిరుగుతూ ఎక్కడ పెట్టావమ్మా, నువ్వే ఎక్కడో పెట్టి ఉంటావు అన్నాను, మంచం కింద మాత్రం చూడలేదు, అక్క ఆ మంచంమీదే పడుకుని మూలుగుతోంది, ఎంత జ్వరమో తెలియక అమ్మ ఆ రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంది, తగ్గింది, తగ్గింది కాబట్టి సరిపోయింది, తగ్గకపోతే, ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు, ఎందుకు ఇప్పుడే గుర్తొస్తోంది ఇది, బావకి ఏమైనా అయితే అక్క నన్నేం అడుగుతుంది, అడగదు, అక్క అడిగే మనిషి కాదు, చూస్తుంది, ఆ చూపు నేను తట్టుకోలేను, దేవుడా, ఇంకా ఐదు అంతస్తులు.

ఐదో అంతస్తు ఖాళీ, రంగులు వేస్తున్నారు, కిటికీలకి అద్దాలు లేవు, వెలుతురు నేలంతా పరుచుకుంది, సున్నం డబ్బాలు, మడత నిచ్చెన, మనిషి లేడు, ఊపిరి అందక గోడకి ఆనుకున్నాను, పక్కలో పోటు, ఒక్క క్షణం, ఒక్క క్షణం ఆగి వెళతాను, మళ్ళీ ఫోను, మీరు ప్రయత్నిస్తున్న చందాదారు, కట్ చేశాను, బావతో మాట్లాడిన మెసేజిలు తెరుచుకున్నాయి, పైన బావ రెండు ప్రశ్నలు, కింద నవ్వుబొమ్మ, మధ్యలో నాది, సున్నా, పదకొండూ నాలుగు, చదివినట్టు రెండు నీలం గీతలు, ఆ ఒక్క మాట తెర మధ్యలో కూర్చుని నన్నే చూస్తోంది, మీటింగు గది గోడంత అయింది, దాని కింద పెన్సిలు మొన, ఇది మీరే రాశారా, దానిమీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టాను, అది బూడిదరంగుకి తిరిగింది, కింద అడిగింది, నీకు మాత్రమే తొలగించాలా, అందరికీనా, అందరికీ, పోయింది, ఆ చోట ఈ మెసేజి తొలగించబడింది అని వాలు అక్షరాలు మిగిలాయి, గుండెమీద బరువు కొంచెం దిగినట్టైంది, అవును, దిగింది, అబద్ధం ఎందుకు, గాలి చల్లగా తగిలింది, ఆ తరవాత బావ గుర్తొచ్చాడు, ఆ తరవాత, మళ్ళీ పరుగు.

నాలుగు, బీమా ఆఫీసు, గాజు తలుపు వెనక ఎవరో ఆవలిస్తున్నారు, మూడు, కుట్టుమిషన్లు ఒక్కసారిగా టకటకమని, ఒక దర్జీ అమ్మాయి నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల ఎత్తింది, టైము ఎంత, టైము ఎంతమ్మా అన్నాను, సూదుల మధ్యనుంచే మూడు అంది, మూడా, మూడు అయిపోయిందా, కావస్తోంది అంది, ఏమైందక్కా అంది, అప్పటికే నేను మలుపు దాటేశాను, బావ గోతిలోంచి బయటికి వచ్చి ఉంటాడు, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఉంటాడు, కాసేపు తుడుచుకో బావా, నీకు గోళ్ళ సందుల్లో గ్రీజు ఉంటే పడదు కదా, బాగా తుడుచుకో, వాచ్‌మన్‌తో వాళ్ళ అల్లుడి ముచ్చట పెట్టుకో, నువ్వు మొదలుపెడితే ఓ పట్టాన వదలవు కదా, ఇవాళ కూడా వదలకు, రెండో అంతస్తు, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, మెట్లు రెండేసి కనిపిస్తున్నాయి, అప్పుడు గోడ అవతలనుంచి వినబడింది, మోటారు, గుర్రుమని, లిఫ్టు కదిలింది, ఎవరు నొక్కారు, బావే నొక్కాడు, ఐదో నంబరు నొక్కాడు, కదలకూడదు, కదులుతోంది, ఆ వెంటనే పెళ్ళుమని ఏదో విరిగిన చప్పుడు, ఎవరిదో అరుపు, మోటారు ఆగిపోయింది, ఆగిపోయాక ఏ చప్పుడూ లేదు, కుట్టుమిషన్లు కూడా వినబడటం లేదు, మెట్టుమీద కూలబడ్డాను, దిగలేను, నావల్ల కాదు, ఇంకా ముప్ఫై మెట్లు, ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఏముందో నాకు తెలుసు, తెలిసినదాన్ని చూడటానికి ఎందుకు దిగాలి, ఇక్కడే ఉండిపోతాను, ఈ మలుపులో అయితే ఇంకా ఏమీ కాలేదు, ఈ మలుపులోంచి బావ కనిపించడు, కనిపించకపోతే, అబ్బా, మళ్ళీ అదే మాట, లే, లేవవే, కమ్మీ పట్టుకో.

ఒక్కో మెట్టూ కూర్చుని దిగానో నిలబడి దిగానో తెలియదు, కింద చలువరాయి నేల, వీధి తలుపులోంచి ఎండ, లిఫ్టు ముందు పనిముట్ల సంచి నోరు తెరుచుకుని పడి ఉంది, లిఫ్టు పెట్టె నేలకి మోకాలెత్తున ఆగిపోయి ఉంది, తలుపు తీసే ఉంది, ఆ సందులో ఏదో, చూడకూడదనుకుంటూనే చూశాను, కర్ర, మామూలు నేల తుడిచే కర్ర, ఒక ముక్క లిఫ్టు గడపకి ఇరుక్కుని వేలాడుతోంది, ఇంకో ముక్క బావ చేతిలో ఉంది, బావ, నిలబడి ఉన్నాడు, రెండు కాళ్ళమీదా నిలబడి ఉన్నాడు, మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది, వాచ్‌మన్ గోడకి అంటుకుపోయి ఉన్నాడు, నా కర్ర సార్, నా కర్ర అంటున్నాడు, బావ నన్ను చూశాడు, చూసి నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగిపోయింది, నేను వెళ్ళి బావ చెయ్యి పట్టుకున్నాను, వేళ్ళు లెక్కపెట్టినట్టు పట్టుకున్నాను, వెచ్చగా ఉంది, గ్రీజు వాసన, ప్రాణం లేచొచ్చింది, ఏడుపు తన్నుకొచ్చింది, బావ అన్నాడు, ఎంత పని చేశావు మరదలా, ఎంత మంచిపని చేశావు, గోతిలోంచి పైకొచ్చాను, మామూలుగా ఈయనకి నీ మెసేజి చదివి వినిపిద్దామని తీశాను, చూస్తే మెసేజి లేదు, తొలగించబడింది అని ఉంది, ఇదేంట్రా మా మరదలు పెట్టిన మాట వెనక్కి తీసుకుంది, ఏదో తేడా కనిపెట్టి ఉంటుంది, మళ్ళీ చెప్పేదాకా కాలు పెట్టకూడదు అనుకున్నాను, నీకు ఫోన్ చేద్దామంటే ఈయన బల్లమీద లోపలి ఫోను పని చెయ్యట్లేదు, నా దాంట్లో గీతలు వస్తున్నాయి పోతున్నాయి, సరే ఈలోపు కర్ర పెట్టి చూద్దామని తలుపుకి అడ్డం పెట్టి, చెయ్యి చాచి బొత్తాం నొక్కి వెనక్కి దూకాను, చూడు, రెండు ముక్కలు, ఆ కర్ర ఉన్న చోట నా నడుము ఉండేది, రోజూ పెట్టేది అక్కడే కదా, నువ్వు తీసెయ్యకపోయి ఉంటే, బావ తల అటు తిప్పుకున్నాడు, వాచ్‌మన్ రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు, తల్లీ, మీరు చల్లగా ఉండాలి అన్నాడు.

బావ అప్పటికే వీధిలోకి నడిచి సిగ్నలు దొరికించుకుని అక్కకి చేసేశాడు, ఏమోయ్, నీ చెల్లెలు ఇవాళ నీ మొగుణ్ణి బతికించింది, ఇదిగో మాట్లాడు అని ఫోను నా చెవికి ఆనించాడు, అక్క ఏమైందే, ఆయన ఏదో అంటున్నారు, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు, నిజమేనా, నువ్వే ఆపావా అంది, ఏడుస్తోంది, నేను ఊ అన్నాను, నీకెలా తట్టిందే, అంత దూరంనుంచి, ఎలాగైనా నువ్వు తెలివైనదానివి, నువ్వు మన ఇంట్లో పుట్టడమే మా అదృష్టం అంది, నేను మళ్ళీ ఊ అన్నాను, బావ పక్కనే నిలబడి ఉన్నాడు, ఒళ్ళంతా బాగుంది, వేళ్ళన్నీ ఉన్నాయి, బావ గురించి పడ్డ భయం బావని చూడగానే పోయింది, మరి ఇంకా ఏదో భయం మిగిలే ఉంది, అక్క మాటలు వింటూనే నాలో ఇంకెవరో లెక్క చూసుకుంటున్నారు, మెసేజి పోయింది, బావ దగ్గరా లేదు, పెన్సిలు సారుకి చూపించడానికి ఏమీ లేదు, పైగా మెచ్చుకుంటారు, విరిగిన కర్ర ఇంకా అక్కడ వేలాడుతూ ఉండగా నేను ఈ లెక్క చూసుకుంటున్నాను, ఫోను కలవలేదు కాబట్టి మెసేజి పెట్టినా చేరదని అనుకున్నాను కదా, మరి చెరిపింది ఎలా చేరింది, చెరిపింది చేరితే ఎక్కకు అన్నది చేరదా, ఐదో అంతస్తులో ఎవరూ లేరు, పెన్సిలు సారు లేడు, నన్ను తొందరపెట్టినవాళ్ళు లేరు, ఫోను నా చేతిలోనే ఉంది, వేలు దానిమీదే ఉంది, రాసింది చెరుపుకోవడానికి నాకు తీరిక దొరికింది, బావా ఎక్కకు అని రాయడానికి దొరకలేదు, ఎందుకు దొరకలేదో ఇప్పుడు తెలుస్తోంది, అలా రాస్తే ముందు రాసింది తప్పని నా చేత్తో నేనే రాసినట్టవుతుంది, బావ నడుము ఒకవైపు, ఆ ఒక్క మాట ఒకవైపు పెడితే, నేను ఆ మాటనే ఎంచుకున్నాను, బావ బతికింది నావల్లే, నేను బావని వదిలేసినందువల్ల, వింటున్నావా అంటోంది అక్క, వింటున్నావా చిన్నీ, ఏదైనా మాట్లాడవే.